‘రీడ్‌డిర్’ పేరు మారిన తీరు

దారి చూపేది అనే అర్థమున్న లాటిన్ మూలం నుంచి వచ్చిన డైరెక్టరీ అనే మాట, ఊరివారి పేర్లూ చిరునామాలూ ఇచ్చే పుస్తకానికి ఇంగ్లీషులో స్థిరపడి, 1960లలో మల్టిక్స్ వంటి వ్యవస్థల్లో ఫైళ్ల పేర్ల పట్టికకు వాడుకైంది. తొలినాళ్ల యూనిక్స్‌లో ఈ పట్టికలో ఒక్కో పేరుకు 16 బైట్ల గడి ఉండేది. అందులో 2 బైట్లు ఐనోడ్ సంఖ్యకు, అంటే ఫైలు వివరాల నమోదును గుర్తించే అంకెకు, తక్కిన 14 పేరుకు చెందేవి కనుక, ఏ ప్రోగ్రామైనా డైరెక్టరీని మామూలు ఫైలులాగే తెరిచి చదువుకొనేది. 1983 నాటి యూనిక్స్ రూపమైన 4.2 బీఎస్‌డీలో పేరు 255 బైట్ల దాకా పెరిగి గడి కొలత నిలకడ తప్పడంతో, ఆ అమరికను మరుగుపరిచే ‘రీడ్‌డిర్’ అనే లైబ్రరీ ఫంక్షన్ అవసరమైంది.

లైనక్స్ కెర్నెల్ తన లోపలి ఇంటర్‌ఫేస్‌కూ ఆ పేరే పెట్టుకొన్నా, అది అక్కడ అంతగా అతకలేదు. ఎందుకంటే అక్కడ ఫైల్‌సిస్టమ్ చేసేది అడిగినప్పుడల్లా ఒక పేరును తిరిగివ్వడం కాదు, ఒక్కో పేరును వెతికి, తనకిచ్చిన కాల్‌బ్యాక్‌కు, అంటే తిరిగి పిలవవలసిన ఫంక్షన్‌కు, అందించడం. 2013లో 3.11 వెర్షన్ ఆ కాల్‌బ్యాక్‌నూ, చదవడం ఆగిన చోటునూ ఒకే నిర్మాణంలో చేర్చి, మళ్లీమళ్లీ చేయడమనే అర్థంలో ‘ఇటరేట్’ అని పేరు మార్చింది. 2016లో 4.7తో వచ్చిన ‘ఇటరేట్_షేర్డ్’లో, ఒకే డైరెక్టరీని పలు ప్రాసెస్‌లు ఏకకాలంలో చదవగలిగేలా, చదివేటప్పుడు డైరెక్టరీకి వేసే తాళం ఉమ్మడిదైంది. పాత ‘ఇటరేట్’ను 2023లో 6.5 తొలగించినా, ఉమ్మడి తాళానికి సిద్ధపడని ఫైల్‌సిస్టమ్‌ల కోసం ఏకాంత తాళం వేసే చిన్న తొడుగును మిగిల్చింది.