బసవతారకం ఆసుపత్రి – డాక్టర్ కోడెల

మన ఉప్పల్, నాచారం మిత్రుల ఇళ్ళలో ఎవరికైనా క్యాన్సర్ అనగానే వినవచ్చే పేర్లలో బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రి ఒకటి. దాని వ్యవస్థాపక చైర్మన్ డాక్టర్ కోడెల శివప్రసాదరావు గారు. 1947లో గుంటూరు జిల్లా కండ్లగుంటలో జన్మించి, కాశీలో ఎం.ఎస్. చదివి, నరసరావుపేటలో సర్జన్‌గా పేరు తెచ్చుకున్నారు. ఆయన క్యాన్సర్ నిపుణులేమీ కారు. అయినా ఎన్.టి.రామారావు గారు క్యాన్సర్‌తో పోయిన తమ సతీమణి పేరిట తలపెట్టిన ఆసుపత్రి భారాన్ని భుజాన వేసుకున్నారు.

1983 నుండి నరసరావుపేట వరుసగా ఐదుసార్లు గెలిపించింది. హోం శాఖ కూడా చూశారు. 2000 జూన్ 22న ప్రధాని వాజపేయి ఆసుపత్రిని ప్రారంభించేనాటికి రామారావు గారు లేరు. 2014లో కోడెల విభజిత ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకరయ్యారు. విమర్శలూ తప్పలేదు. 2019 సెప్టెంబరు 16న చివరి ఘడియలలో ఆయనను తీసుకువెళ్ళింది ఆ ఆసుపత్రికే.