నోట్లో వేలు పెట్టుకున్న కృష్ణుడు

నోట్లో వేలు పెడితే కొరకలేడు అని అమాయకుణ్ణి అంటాం. నోట్లో వేలు పెట్టుకునే ఊళ్లకు ఊళ్లను తెల్లవార్లూ కూర్చోబెట్టిన మనిషి ఒకాయన మా తెనాలి వైపు పుట్టారు. కల్యాణం రఘురామయ్య. జనం ఆయన ఇంటిపేరు ఎప్పుడో మార్చేశారు. ఈలపాట రఘురామయ్య అంటేనే తెలుస్తుంది.

పుట్టింది 1901 మార్చి 5న, చేబ్రోలు పక్కన సుద్దపల్లిలో. దుగ్గిరాల నుంచి నైరుతి మూలగా వెళ్తే వస్తుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు వెంకటసుబ్బయ్య. చిన్నతనంలో భక్త రామదాసు నాటకంలో రఘురాముడి వేషం కడితే, చూసి ముచ్చటపడిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు రఘురామయ్య అని పిలిచారని చెబుతారు. అసలు పేరు ఆ రోజే తెరవెనక్కి వెళ్లిపోయింది.

1933లో 'పృథ్వీపుత్ర'తో సినిమాకెక్కేనాటికి ఆయనకు 32 ఏళ్లు. ఆ తర్వాతి కథ రికార్డుల్లోనూ రీళ్లలోనూ కొంతైనా మిగిలింది. నా ధ్యాసంతా అంతకుముందు ఏళ్ల మీద. పల్లెల్లో మైకన్నది లేని కాలం అది.

దుగ్గిరాల లాకుల దగ్గర మొదలయ్యే కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా అప్పట్లో పడవలదారి. పక్కనే తెనాలి రైలు. నాటక సమాజాలు రైలు దిగి, ట్రంకుపెట్టెలూ తెరలూ హార్మోనియమూ బండికెత్తి ఊరు చేరేవి. కోతలై చేతిలో నాలుగు డబ్బులాడే రోజులు, శివరాత్రి జాగారం, శ్రీరామనవమి పందిళ్లు, ఇవీ వాళ్ల సీజను. నాటకశాలంటే నాలుగు గుంజలు, తాటాకు పందిరి, సర్దిన బల్లలు. ముందు పెద్దలకు కుర్చీలు, వెనక బెంచీలు, ఆపైన నేల. నేల జనం చాపలూ గోనెపట్టాలూ ఇంటి నుంచే తెచ్చుకునేవారు, పిల్లల్ని అక్కడే పడుకోబెట్టేవారు. వెలుతురంతా గ్యాసు లైట్లదే. మధ్యమధ్య ఎవరో ఒకరు గాలి కొట్టకపోతే అర్దళం పూసుకున్న ధర్మరాజు ముఖం మసకబారిపోతుంది.

అలాంటి చోట నటుడి గొంతు చిట్టచివరి చాప దాకా చేరాలి. అందుకే పై శ్రుతిలో పాడేవారు. కాలితో తొక్కే హార్మోనియం హోరును దాటాలి, ఏడ్చే పిల్లల్ని దాటాలి, పందిరి బయట శనక్కాయలమ్మే వాణ్ణి దాటాలి. రఘురామయ్య గొంతుకి ఆ సత్తా ఉంది. దానికి తోడు ఈల. మనిషి చెవికి బాగా పదునుగా వినబడేది సుమారు 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య ధ్వని. ఈల ఆ మెట్టును అందుకోగలదు కాబట్టి ఎంత గోలలోనైనా చీల్చుకుని వెళ్తుంది. పైగా ఆయనది కృష్ణుడి వేషం. వేణువు చేతిలో అలంకారంగా ఉంటే సరిపోయేది, పలికేదంతా నోట్లో వేలే! పద్యం అందుకుని, రాగం ఎత్తుకుని, అదే రాగాన్ని ఈలలోకి మార్చేవారు. అప్పటిదాకా ఈలంటే నేల క్లాసు వాళ్లు స్టేజీ మీదికి విసిరేది. ఈయన దాన్ని స్టేజీ మీంచి నేల మీదికి పంపారు.

వెంటనే వన్స్‌మోర్. రాయబారానికి వచ్చిన కృష్ణుడు కౌరవసభలో అదే పద్యం మళ్లీ మొదలెట్టాల్సిందే. దుర్యోధనుడు కోపం పక్కనపెట్టి ఓపిగ్గా నిలబడాల్సిందే. నాలుగు పాదాల పద్యానికి అంతసేపు రాగమా, భావం ఏమైపోతోంది అని పండితులు గొణుక్కున్నారు. ఆ మాట పూర్తిగా తప్పని నేనూ అనను. కానీ పగలంతా పొలంలో నడుం వంచి వచ్చినవాడికి కథ ముందే తెలుసు. రాయబారం పొసగదనీ తెలుసు, యుద్ధం తప్పదనీ తెలుసు. వాడు వచ్చింది రాగం కోసం.

ఆ రోజుల్లో పేరు ఎలా పుట్టేదో బాపట్లవాడైన స్థానం నరసింహారావు కథ చెబుతుంది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషగాడు రాలేదు. ఆ చీర స్థానం కట్టుకున్నారు. తర్వాత తెనాలి రామవిలాస సభ ఆయనకు పుట్టిల్లయింది. స్థానం సత్యభామ, రఘురామయ్య కృష్ణుడు అయితే టికెట్ల కోసం తోపులాటే. వాళ్లిద్దరూ మనకు ద్వారక చూపించారు.

తర్వాత కంట్రాక్టు నాటకాలొచ్చాయి. ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుణ్ణి రప్పించి, రిహార్సల్ అన్నది లేకుండా తెర ఎత్తేవారు. పడక సీనుకో కృష్ణుడు, రాయబారానికో కృష్ణుడు. రఘురామయ్య మాత్రం కృష్ణుడిగానే ఉండిపోయారు. 1960లో 'శ్రీకృష్ణ రాయబారం' సినిమాలో ఆ కిరీటం పెట్టుకునేటప్పటికి ఆయనకు 59 ఏళ్లు. పద్మశ్రీ వచ్చిన 1975లోనే, ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

ఆయన గొంతు మిగిలిన ఆనాటి గ్రామఫోను ప్లేటు ఒక పక్కకి పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. ఆ కొలతకు పద్యాన్ని కత్తిరించి పాడాలి. మూడు నిమిషాలకి ముల్లు లేచిపోతుంది. తాటాకు పందిట్లో అయితే అప్పటికి హార్మోనియం ఆయన ఇంకా శ్రుతి సర్దుకుంటూ ఉండేవాడు.