పెరటి కొట్టంలో పుట్టిన పందెపు బండి

యంత్రాల చరిత్ర తరచు కర్మాగారాల చరిత్రగానే వ్రాయబడుతూ ఉంటుంది. ఎవరు కనిపెట్టారు, ఏ సంస్థ తయారుచేసింది, ఎన్ని అమ్ముడుపోయాయి అన్న ప్రశ్నలతో ఆ కథ ముగుస్తుంది. కొన్నవాడు ఇంటికి తెచ్చుకున్న తరువాత ఆ యంత్రాన్ని ఏమి చేశాడన్న ప్రశ్నకు అందులో చోటు తక్కువ. కాని ఒక యంత్రం విషయంలో మాత్రం ఈ ప్రశ్నను తప్పించుకోవడానికి వీలులేదు. అది కఫే రేసరు అనే మోటారు సైకిలు. దానిని మొదట ఏ కర్మాగారమూ తయారుచేయలేదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం బ్రిటనులోని శ్రామిక కుటుంబాల యువకులు తమ ఇళ్ల వెనుక కొట్టాలలో పాత బండ్లను విప్పి, కోసి, మళ్లీ కూర్చి దానిని సృష్టించారు. నేడు మన దేశంలోనూ పాత బండిని ఇంటివద్దనే ఆ రూపానికి మార్చుకోవాలని ఉబలాటపడే యువకులు కనిపిస్తున్నారు గనుక, ఈ పనికి పుట్టినిల్లు ఏది, దాని వెనుక ఉన్న తర్కమేమిటి, దానికి చెల్లించిన మూల్యమెంత అన్న విషయాలను విచారించడం నిష్ప్రయోజనం కాదని మేము తలుస్తున్నాము.

కఫే రేసరు అన్న పేరులోనే కొంత ఎగతాళి ఉన్నది. పందెపు మైదానం ముఖం చూడకుండా, ఒక కఫే నుండి మరొక కఫే వరకు మాత్రమే పందెం వేసేవాడని వెక్కిరింపుగా పెట్టిన పేరని చెబుతారు. యువకులు దానినే బిరుదుగా స్వీకరించారు. ఆనాటి బ్రిటనులో ఈ కఫేలు విలాసవంతుల కాఫీ మందిరాలు కావు. పెద్ద రహదారుల ప్రక్కన, దూరప్రయాణం చేసే లారీ డ్రైవర్ల కోసం రాత్రులందు కూడా తెరచి ఉంచే ఫలహారశాలలు. వానిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది లండను వాయవ్య భాగాన నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ఉన్న ఏస్ కఫే. 1938లో వెలసిన ఈ ఫలహారశాల యుద్ధకాలపు విమానదాడులలో దెబ్బతిని, 1949లో తిరిగి నిర్మింపబడింది. వాట్‌ఫర్డ్ వద్ద బిజీ బీ, కెంటు వైపు పోయే రహదారి మీద జాన్సన్స్ కూడా ఇటువంటివే.

అప్పటి పరిస్థితులు ఈ యువకులకు అనేక విధాల అనుకూలించాయి. 1950లో పెట్రోలు రేషను తొలగిపోయింది. 1958లో వాయిదాల మీద వస్తువులు కొనుక్కోవడానికి ఉన్న ఆంక్షలు సడలాయి. నిర్బంధ సైనిక సేవకు పిలుపు 1960తో ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ల కుర్రవాని చేతిలో వారం జీతం ఉన్నది, తీరిక ఉన్నది. 1959లో మినీ అనే చిన్న కారు బజారులోకి రావడంతో, అంతవరకు తొట్టి తగిలించిన మోటారు సైకిలు మీద భార్యాబిడ్డలను త్రిప్పిన గృహస్థులు కారు వైపు మళ్లసాగారు. అదే సంవత్సరం నవంబరులో ఎం-1 అనే మహారహదారిలో మొదటి పెద్ద భాగాన్ని తెరచారు. ఊళ్ల వెలుపల, ఇటువంటి రహదారుల మీద, ఇంత వేగమే పోవలెనన్న కట్టడి అప్పుడు లేదు.

రేడియో శ్రోతలకు ఆసక్తి కలిగించే విషయం మరొకటి ఉన్నది. ఆ యువకులు ప్రాణప్రదంగా భావించిన రాక్ అండ్ రోల్ సంగీతానికి ఆ రోజులలో బి.బి.సి. కార్యక్రమాలలో లభించిన కాలం బహు స్వల్పం. రాత్రివేళ లక్సెంబర్గ్ కేంద్రం అలలు అలలుగా వినవచ్చేది. లేదంటే కఫేలోని జ్యూక్‌బాక్సులో నాణెం వేసి వినవలసినదే. ఇటువంటి సంగీతం కోసం బి.బి.సి. ప్రత్యేక కేంద్రాన్ని ప్రారంభించినది 1967లో. పాట కోసం కఫేకు వచ్చినవారికి అక్కడ బండ్లు కనిపించాయి. బండ్ల కోసం వచ్చినవారికి పాట వినిపించింది.

ఇక్కడనే ఒక ఐతిహ్యం పుట్టింది. జ్యూక్‌బాక్సులో రికార్డు మొదలు కాగానే బయలుదేరి, నిర్ణయించుకున్న గుర్తును చుట్టి, పాట ముగిసేలోగా తిరిగి రావాలన్నది పందెం. దీనిలో నిజమెంత, అతిశయోక్తి ఎంత అని నేటికీ వాదులాడుకుంటారు. లెక్క మాత్రం సులభం. ఆనాటి రికార్డు సుమారు మూడు నిమిషాలు మోగుతుంది. మూడు నిమిషాలలో మూడు మైళ్లు తిరిగి రావాలంటే సగటున గంటకు 60 మైళ్లు పోవాలి. మలుపులలో తగ్గిన వేగాన్ని తిన్నని దారిలో పూడ్చుకోవాలి. ఎదుట మామూలు జనం, మామూలు వాహనాలు. ఇటువంటి పందెం పదిసార్లు జరిగినా, వందసార్లు జరిగినా, దానిలోని ప్రమాదం ఏమాత్రమూ కల్పన కాదు.

ఇక ఇంటివద్ద జరిగిన పని. ఆ యువకుల లక్ష్యం గంటకు 100 మైళ్లు, అనగా సుమారు 161 కిలోమీటర్లు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. దానిని ఛేదించడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. కనుక 50 మైళ్ల వేగంతో సుఖంగా పోయే బండిని 100 మైళ్లకు తీసుకుపోవడం ఒక్క ఇంజనుతో అయ్యే పని కాదు. మొదట నడిపేవాని దేహాన్నే గాలికి అడ్డు తీయాలి. అందుకే ఎత్తైన హ్యాండిలును తీసివేసి, ముందు ఫోర్కు గొట్టాలకు పొట్టి పిడులను బిగించారు. నడుము వంగినప్పుడు కాళ్లు ముందుకు ఉంటే కుదరదు గనుక ఫుట్‌రెస్టులను వెనుకకు, పైకి జరిపారు. మలుపులో బండి ఒరిగినప్పుడు అవి నేలకు రాచుకోకుండా ఉండడం మరొక లాభం. ఛాతీ ఆనుకునేటట్లు పొడవైన అల్యూమినియం ట్యాంకును, వెనుకకు జారిపోకుండా తోక దగ్గర మూపురం గల ఒంటి సీటును అమర్చారు. బరువైన ఇనుప మడ్గార్డుల స్థానంలో పలుచని అల్యూమినియం రేకులు వచ్చాయి. కాగలిగినవారు పిస్టనులు మార్చారు. ఒక కార్బురేటరు ఉన్నచోట రెండు పెట్టారు. ఈ రూపంలో అందం కోసం చేసినది తక్కువ. ప్రతి మార్పుకూ ఒక కారణం ఉన్నది.

అయితే వీరు చేసిన పనులలో అన్నింటికన్న వివేకవంతమైనది చట్రానికి సంబంధించినది. బెల్ఫాస్టు నివాసి రెక్స్ మెక్‌కాండ్లెస్ తన సోదరుని సహకారంతో నార్టన్ కంపెనీ పందెపు బండికి ఒక కొత్త చట్రాన్ని రూపొందించాడు. రెండు ఉక్కు గొట్టాల చుట్లు ఇంజనును చుట్టివచ్చి, హ్యాండిలు దగ్గర ఒకదాని నొకటి దాటి అతికే నిర్మాణం అది. 1950లో మాన్ ద్వీపంలో జరిగిన సీనియరు, జూనియరు పందేలు రెండింటిలోనూ మొదటి మూడు స్థానాలను ఈ చట్రం గల నార్టన్ బండ్లే గెలుచుకున్నాయి. దాని మీద కూర్చుంటే ఈకల పరుపు మీద ఉన్నట్లున్నదని హెరాల్డ్ డేనియల్ అనే పందెగాడు అనడంతో, ఫెదర్‌బెడ్ అన్న పేరే దానికి స్థిరపడింది.

మరొక వైపు, ఎడ్వర్డ్ టర్నర్ 1937లో ట్రయంఫ్ కంపెనీ కోసం రూపొందించిన జంట సిలిండర్ల ఇంజను ఉన్నది. క్రమంగా పెరిగి 650 సి.సి. అయిన ఆ ఇంజను 1959 నాటి బానవిల్ బండిలో సుమారు 46 అశ్వశక్తిని ఇచ్చింది. ఇంజను శక్తిమంతమే, కాని దాని సొంత చట్రం మలుపులలో అంత స్థిరంగా ఉండదని పేరు. ఎడ్లు ఎంత బలమైనవైనా ఇరుసు గట్టిది కాకపోతే బండి ఊరు చేరదు గదా! అందుచేత నార్టన్ చట్రంలో ట్రయంఫ్ ఇంజనును కూర్చారు. రెండు పేర్లను కలిపి దానిని ట్రైటన్ అన్నారు.

ఈ కలయికకు ఒక విచిత్రమైన కారణం తోడయింది. 500 సి.సి. చిన్న పందెపు కార్లు నడిపేవారికి నార్టన్ ఇంజను కావాలి. ఆ కంపెనీ ఇంజనును విడిగా అమ్మేది కాదు. వారు బండి మొత్తాన్ని కొని, ఇంజను తీసుకుని, మిగిలిన భాగాన్ని చౌకగా వదిలించుకునేవారు. ధనవంతుడు వదిలిన చట్రం ఈ విధంగా పనివాని కొట్టానికి చేరింది. అక్కడ అట్టముక్క మీద నమూనా గీసి, దాని ప్రకారం అల్యూమినియం పలకను రంపంతో కోసి, ఆకురాయితో అరగదీసి, రంధ్రాలు తొలిచి, ఇంజనును నిలబెట్టేవారు. ఇంజను పళ్లచక్రమూ, క్లచ్చి పళ్లచక్రమూ ఒకే వరుసలో లేకపోతే గొలుసు తెగిపోతుంది. ఆ వరుస కుదరడానికి ఎన్నో సాయంకాలాలు పట్టేవి. ఈ పెరటి విద్యకు దక్కిన గౌరవం చిన్నది కాదు. 1965లో బార్సెలోనా నగరంలో జరిగిన 24 గంటల పందెంలో డేవ్ డెజెన్స్, రెక్స్ బుచర్ అనే ఇరువురు ట్రైటన్ బండితోనే విజయం సాధించారు.

మూల్యం మాటేమిటి? 1961లో ఒక లండను దినపత్రిక ఈ కుర్రవారి బృందాలను ఆత్మహత్యల సంఘమని వర్ణించింది. 1964లో క్లాక్టన్, బ్రైటన్ సముద్రతీరాలలో వీరికీ, మాడ్స్ అనబడే స్కూటరు యువకులకూ జరిగిన కొట్లాటలతో లోకదృష్టిలో వీరు రౌడీలైనారు. నింద అతిగా ఉండవచ్చును. మరణాలు మాత్రం నిజం. బండ్ల వేగం పెరిగినంతగా డ్రమ్ము బ్రేకుల శక్తి పెరగలేదు. తలకు హెల్మెట్టు తప్పనిసరి కాదు. హెల్మెట్టు ప్రాణాన్ని కాపాడుతుందని హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు 1941లోనే సైనిక వార్తాహరుల ప్రమాదాలను పరిశీలించి ప్రకటించాడు. బ్రిటనులో అది శాసనమైనది 1973లో. తెలిసిన సత్యానికి, చేసిన చట్టానికి నడుమ 32 సంవత్సరాలు గడిచిపోయాయి.

ఆ యువకులను దూషించక దగ్గరకు తీసినవారు కూడా లేకపోలేదు. హాక్నీ విక్ పేటలో చర్చి గురువు బిల్ షెర్గోల్డ్ స్వయంగా మోటారు సైకిలు నడిపేవాడు. 1962లో ఆయన ఏస్ కఫేకు వెళ్లి, అక్కడివారిని తన చర్చికి ఆహ్వానించి, 59 క్లబ్బు అనే యువజన సంఘంలో వారికొక శాఖ నెలకొల్పాడు. సభ్యులు వేల సంఖ్యలో చేరారు.

చివరకు ఈ ఉద్యమాన్ని ఆపినది నిందా కాదు, నీతిబోధా కాదు. 1965 డిసెంబరులో గంటకు 70 మైళ్ల పరిమితి వచ్చింది. 1964లోనే రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ కాంటినెంటల్ జి.టి. అన్న పేరుతో 250 సి.సి. కఫే రేసరును సిద్ధంగా అమ్మజూపింది. అనుభవం లేనివారు 250 సి.సి.ని మించిన బండి నడపరాదని 1961లో వచ్చిన నిబంధన దానికి గిరాకీ కల్పించింది. 1969లో జపానులోని హోండా కంపెనీ నాలుగు సిలిండర్లతో, ముందు చక్రానికి డిస్కు బ్రేకుతో 750 సి.సి. బండిని తెచ్చింది. రాత్రులు మేల్కొని సాధించిన వేగం దుకాణంలోనే దొరుకుతున్నప్పుడు ఆకురాయి పట్టవలసిన పని ఏమున్నది? ఆ సంవత్సరమే ఏస్ కఫే మూతపడింది. దానిని తిరిగి తెరచినది 2001లో.

మనకు ఈ కథతో సంబంధం మద్రాసు ద్వారా కలిగింది. 1955లో అక్కడ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు తయారీ మొదలైంది. బ్రిటనులోని మాతృసంస్థ 1970 నాటికి అంతరించినా మద్రాసు శాఖ బ్రతికి బట్టకట్టి, 2013లో కాంటినెంటల్ జి.టి. పేరును పునరుద్ధరించింది. మన పట్టణాలలో పాత బుల్లెట్టును విప్పి కఫే రేసరు చేయబూనే యువకుడు ఒక విధంగా ఆ వంశంలోని వాడే. కాని అతడు రెండు సంగతులు మరువరాదు. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది; 2019లో సుప్రీంకోర్టు దానిని దృఢపరిచింది. రెండవది, ఒకసారి రంపం పెట్టిన పాత చట్రం మళ్లీ మొదటి చట్రం కాదు.

వంగిన హ్యాండిలును, మూపురపు సీటును మాత్రమే చూచి అనుకరించడం పులిని చూచి నక్క వాత పెట్టుకున్నట్లే అవుతుంది. ఆ యువకులలో నిజమైన పనివారు వేగానికి ముందు స్థిరత్వాన్ని వెతికారు. ఇంజనుకు ముందు చట్రాన్ని వెతికారు. ఆ వెతుకులాట ట్రైటనుగా నిలిచింది. స్థిరత్వంతో పాటు బ్రేకునూ, హెల్మెట్టునూ ఆనాడే అంత శ్రద్ధతో వెతికి ఉంటే, కఫేకు తిరిగి రాని కుర్రవారిలో మరికొందరు వృద్ధులై ఈ కథను తామే చెప్పి ఉండేవారు.