డెవలప్‌మెంట్, పాలసీ, ప్లానింగ్: పీజీల పేర్లు దగ్గరగా ఉన్నా ఉద్యోగ అర్హతలు వేరు

డెవలప్‌మెంట్ స్టడీస్, పబ్లిక్ పాలసీ, ప్లానింగ్. డిగ్రీ తర్వాత పీజీ కోసం వెతికే విద్యార్థికి ఈ మూడు పేర్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. మూడు కోర్సుల వివరాల్లోనూ పేదరికం, ఉపాధి, పల్లెలు, పట్టణాలు, ప్రభుత్వ పథకాల ప్రస్తావనే ఉంటుంది. అయితే వీటి ప్రవేశ పరీక్షలు వేరు, క్లాసులో నేర్పేది వేరు. రెండేళ్ల తర్వాత చేతికొచ్చే పట్టా మీద ఏ పేరుందన్న దాన్నిబట్టి కొన్ని ప్రభుత్వ ఉద్యోగాలకు అర్హత ఉంటుంది, కొన్నింటికి ఉండదు.

ఈ చదువులు ఎలా మొదలయ్యాయి?

1950 మార్చిలో ప్రణాళికా సంఘం ఏర్పాటైంది. ఐదేళ్లకోసారి దేశమంతటికీ ప్రణాళిక వేయాలంటే లెక్కలు తెలిసినవాళ్లు, ఊళ్లలో తిరిగి సర్వేలు చేసేవాళ్లు కావాలి. అలాంటి పని చేయగల సంస్థలు కొన్ని అప్పటికే ఉన్నాయి. పుణెలో గోఖలే ఇన్‌స్టిట్యూట్ 1930లో, ముంబయిలో ‘టిస్’గా పిలిచే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1936లో మొదలయ్యాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ మూలాలు 1958లో ముస్సోరీలో ఉన్నాయి.

ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ 1970ల తొలినాళ్లలో తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌ను నెలకొల్పారు. తలసరి ఆదాయం తక్కువగా ఉన్నా కేరళలో అక్షరాస్యత, ఆయుర్దాయం మెరుగ్గా ఉన్నాయని ఈ సంస్థ 1975లో ఐక్యరాజ్యసమితి కోసం చేసిన అధ్యయనం చూపింది. ‘కేరళ నమూనా’ చర్చకు మూలం అదే.

ఈ రంగంలో పాకిస్తాన్, బంగ్లాదేశ్ సంస్థలది ఒకే పుట్టుక. 1957లో కరాచీలో మొదలైన పాకిస్తాన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ ఎకనమిక్స్‌ను 1971 యుద్ధానికి కొద్ది ముందు ఢాకాకు తరలించారు. దేశం విడిపోయాక ఢాకాలో ఉన్నది బంగ్లాదేశ్ సంస్థగా మారింది. పాకిస్తాన్ తన సంస్థను ఇస్లామాబాద్‌లో మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది.

భారత్‌లో 2015 జనవరి 1న ప్రణాళికా సంఘం స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది. 12వ పంచవర్ష ప్రణాళిక 2017తో ముగిసింది, 13వది రాలేదు. ప్రణాళికలు ఆగాయి గానీ, ఆ పేర్లతో చదువులు ఆగలేదు.

దేనిలో ఏం నేర్పుతారు?

ఎంఏ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో అర్థశాస్త్రంతోపాటు సమాజశాస్త్రం, రాజకీయాలు, కులం, భూమి సంబంధాలు, క్షేత్ర పరిశోధన ఉంటాయి. ఇక్కడ విద్యార్థి ముందుగా నేర్చుకోవాల్సింది అంకెను ప్రశ్నించడం. ఉదాహరణకు 2011-12లో దేశంలో పేదలు ఎంతమంది? తెందూల్కర్ కమిటీ పద్ధతిలో లెక్కిస్తే 21.9 శాతం. రంగరాజన్ కమిటీ పద్ధతిలో 29.5 శాతం. దేశమూ అదే, ఏడాదీ అదే. గీత ఎక్కడ గీశారన్న దగ్గరే కోట్ల మంది పేదల జాబితాలోకి వస్తారు లేదా బయటికి పోతారు. టిస్, అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ, ఐఐటీ గువాహటి, సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ఈ తరహా కోర్సులు నడుపుతున్నాయి. టిస్ కొన్నేళ్లుగా సీయూఈటీ-పీజీ ద్వారా విద్యార్థులను తీసుకుంటోంది.

పబ్లిక్ పాలసీ పీజీలు దేశంలో కొత్తవి. బెంగళూరు నేషనల్ లా స్కూల్, ఐఐటీ బొంబాయి, హైదరాబాద్‌లో గీతంకు చెందిన కౌటిల్య స్కూల్ లాంటివి వీటిని నడుపుతున్నాయి. బడ్జెట్, చట్టం, నియంత్రణ సంస్థలు, పథకాల మదింపు వీటిలో ప్రధానం.

ఎంప్లాన్ దారి పూర్తిగా వేరు. ఇది సాంకేతిక చదువు. భూ వినియోగం, రవాణా, జోనింగ్, మ్యాపులు, మాస్టర్ ప్లాన్ తయారీ ఇందులో ఉంటాయి. దిల్లీ, భోపాల్, విజయవాడల్లోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లు 2014 చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థలయ్యాయి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ప్రవేశాలకు గేట్ స్కోరు కీలకం. సివిల్ ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, ప్లానింగ్ డిగ్రీలవారే ఎక్కువగా వెళ్తారు. అయితే భూగోళశాస్త్రం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రంలో పీజీ చేసినవారినీ కొన్ని కోర్సుల్లోకి తీసుకుంటారు. ఆర్ట్స్ విద్యార్థులు దీన్ని గమనించడం మంచిది.

ప్లానర్లకు పని లేదా?

పని ఉంది. 2001 జనగణనలో దేశంలో 1,362 సెన్సస్ టౌన్లు ఉండగా, 2011 నాటికి అవి సుమారు 3,900 అయ్యాయి. జనసాంద్రత, వృత్తుల లెక్కన ఇవి పట్టణాలు. కానీ మున్సిపాలిటీ లేదు, పాలన పంచాయతీదే. దేశంలోని 7,933 పట్టణ ఆవాసాల్లో దాదాపు 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదని నీతి ఆయోగ్ 2021 సెప్టెంబరు నివేదిక చెప్పింది. రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖలకు 12,000 మందికిపైగా ప్లానర్లు కావాలని, మంజూరైన పోస్టులు 4,000 కూడా లేవని, వాటిలోనూ సగం ఖాళీ అని అదే నివేదిక లెక్కతేల్చింది. పైగా ఈ పోస్టుల్లో చాలావాటికి టౌన్ ప్లానింగ్ చదివి ఉండాలన్న నిబంధనే లేదని పేర్కొంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 వార్డు సచివాలయ నియామకాల్లో ప్రతి వార్డుకూ ప్లానింగ్ కార్యదర్శి పోస్టు పెట్టారు. దానికి సివిల్ డిప్లొమా ఉన్నా సరిపోతుంది. విజయవాడలో జాతీయ స్థాయి ప్లానింగ్ స్కూల్ ఉండగానే, పక్కనున్న అమరావతికి మాస్టర్ ప్లాన్ సింగపూర్ సంస్థ నుంచి వచ్చింది.

పట్టా మీది పేరు ఎక్కడ అడ్డొస్తుంది?

యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ పరీక్షకు అర్థశాస్త్రం, అప్లైడ్ ఎకనమిక్స్, బిజినెస్ ఎకనమిక్స్ లేదా ఎకనోమెట్రిక్స్‌లో పీజీ ఉండాలి. ఈ జాబితాలో డెవలప్‌మెంట్ స్టడీస్ పేరు లేదు. ప్రభుత్వానికి ఆర్థిక, అభివృద్ధి విధానాలపై సలహా ఇచ్చే సర్వీసు అది. అదే విద్యార్థి లెక్చరర్ కావాలనుకుంటే యూజీసీ నెట్‌లో ఇబ్బంది లేదు. అక్కడ డెవలప్‌మెంట్ స్టడీస్, డెవలప్‌మెంట్ ప్లానింగ్ రెండూ అర్థశాస్త్రం సబ్జెక్టు కిందే ఉన్నాయి. ఒక సంస్థ అర్థశాస్త్రమే అంటుంది, ఇంకో సంస్థ కాదంటుంది. మధ్యలో నష్టపోయేది విద్యార్థే.

సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు కాబట్టి అక్కడ పీజీ పేరుతో పని లేదు. ఇక మిగిలేవి నీతి ఆయోగ్ యంగ్ ప్రొఫెషనల్, ఎమ్మెల్యే, ఎంపీల పరిశోధన సహాయకులు, పరిశోధన సంస్థలు, ఎన్జీవోలు, కన్సల్టెన్సీలు. నీతి ఆయోగ్‌ది కాంట్రాక్టు నియామకమే. బయట కూడా ఏడాది, రెండేళ్ల ప్రాజెక్టులకు తీసుకోవడం మామూలు. కోర్సు ఎంచుకునేటప్పుడు ప్లేస్‌మెంట్ సంఖ్యతో పాటు ఆ ఉద్యోగాల కాలవ్యవధినీ అడగాలి.

ఖర్చు ఎవరు భరించాలి?

సమాజంలో అట్టడుగు వర్గాల గురించి చదివే కోర్సుల్లో ఆ వర్గాల పిల్లలే చేరలేకపోవడం పాత సమస్య. 2018 ఫిబ్రవరిలో టిస్ ముంబయి, హైదరాబాద్, తుల్జాపుర్, గువాహటి క్యాంపస్‌ల విద్యార్థులు తరగతులు బహిష్కరించారు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పొందే ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు ఫీజు మినహాయింపు తొలగించడమే కారణం. స్కాలర్‌షిప్ తర్వాతెప్పుడో వస్తుంది, ఫీజు ముందే కట్టాలి. అప్పు చేయగలిగిన కుటుంబం నెట్టుకొస్తుంది.

విదేశాలకు వెళ్లేవారికి తెలంగాణలో అంబేడ్కర్, జ్యోతిబా ఫూలే పేర్లతో ఓవర్సీస్ విద్యానిధి పథకాలున్నాయి. అర్హులకు రూ.20 లక్షల వరకు సాయం అందుతుంది. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలు మాత్రం ఈ రంగం విద్యార్థులు జాగ్రత్తగా చదవాలి. భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజంపై అధ్యయనాలకు ఈ సాయం వర్తించదని 2022లో సవరించిన మార్గదర్శకాలు చెప్పాయి. తెలంగాణ కౌలు రైతులపై విదేశంలో పరిశోధన చేయాలనుకునే దళిత విద్యార్థికి ఈ ఒక్క వాక్యమే అడ్డు కావచ్చు.

బ్రిటన్‌లో మాస్టర్స్ ఏడాదే. అక్కడి ఏడాది పీజీని గుర్తించేలా 2022 జులైలో భారత్, బ్రిటన్ ఒప్పందం చేసుకున్నాయి. ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ వంటి వృత్తి విద్యా పట్టాలను అందులో చేర్చలేదు. లండన్ నుంచి డెవలప్‌మెంట్ ఎంఏతో వచ్చేవారికి ఇది ఊరట. ప్లానింగ్ పట్టాతో వచ్చి ఇక్కడ టౌన్ ప్లానర్ పోస్టుకు దరఖాస్తు చేయాలనుకునేవారు ఆ పోస్టు నోటిఫికేషన్‌లోని విద్యార్హతల పేరాను విమానం ఎక్కకముందే చూసుకోవాలి.