ఇంట్రెస్ట్: అర్థం వడ్డీ ఒక్కటేనా?

"ఇంట్రెస్ట్" అనగానే మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేది వడ్డీ. ఉర్దూలో సూద్, ఇంట్లో మాటల్లో బ్యాజ్. అందుకే ఏ కాగితం మీద ఆ మాట కనిపించినా సంతకం పెట్టబోయే చెయ్యి ఆగిపోతుంది. కానీ అన్నిచోట్లా అది వడ్డీ కాదు. ఆ మాట లేని చోట వడ్డీ లేదనీ కాదు.

మాట ఎక్కడిది?

లాటిన్‌లోని "ఇంటెరెస్సే" నుంచి వచ్చింది. "మధ్యలో ఉండటం", "సంబంధం ఉండటం" అని అర్థం. మధ్యయుగాల యూరప్‌లో చర్చి కూడా వడ్డీని నిషేధించింది. అయితే అప్పు గడువులోగా తీర్చకపోతే, ఇచ్చినవాడికి జరిగిన నష్టానికి పరిహారం తీసుకోవచ్చన్నారు. ఆ పరిహారానికి వాడిన మాటే తర్వాత వడ్డీకి పేరైపోయింది.

1. వడ్డీ

పాస్‌బుక్‌లో, లోన్ కాగితాల్లో కనిపించేది ఇదే. మన ఊళ్లలో "నూటికి రెండు రూపాయలు" అంటే నెల లెక్క. ఏడాదికి అది 24 శాతం. బ్యాంకులు చెప్పేది ఏడాది లెక్క.

"ఫ్లాట్", "రెడ్యూసింగ్" తేడా కూడా చూడాలి. లక్ష రూపాయలు 12 శాతానికి, 12 నెలల వాయిదాల్లో తీసుకుంటే, ఫ్లాట్ రేటులో వడ్డీ 12,000. రెడ్యూసింగ్‌లో సుమారు 6,600. శాతం ఒకటే, భారం దాదాపు రెట్టింపు.

సేవింగ్స్ ఖాతాలో బ్యాంక్ వేసే వడ్డీని సవాబ్ ఆశించకుండా పేదలకు ఇచ్చేయమని చాలామంది ఉలమా చెబుతారు. మీ విషయంలో మస్‌అలా మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇచ్చేసినా సరే, ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో అది మీ ఆదాయమే.

2. ఆసక్తి

"పిల్లాడికి లెక్కలంటే ఇంట్రెస్ట్", "రిష్తా విషయంలో వాళ్లు ఇంట్రెస్ట్ చూపించారు". రోజూ వాడేదే, ఇందులో తికమక లేదు.

3. హక్కు

భయం ఎక్కువగా కలిగేది ఇక్కడే. ఇంగ్లీష్ సేల్ డీడ్‌లో "రైట్, టైటిల్ అండ్ ఇంట్రెస్ట్" అని ఉంటుంది. అమ్మేవారు ఆస్తిలో తమకున్న హక్కులన్నీ కొనేవారికి ఇచ్చేస్తున్నారని దాని భావం. వడ్డీ ఊసే లేదు. అయితే అదే డీడ్‌లో "విత్ ఇంట్రెస్ట్" అని, పక్కన శాతం ఉంటే మాత్రం అది వడ్డీయే.

ఈ అర్థం మన మసీదులకు, ఖబ్రస్తాన్‌లకు కూడా పనికొస్తుంది. 1995 వక్ఫ్ చట్టంలో "పర్సన్ ఇంట్రెస్టెడ్ ఇన్ ఎ వక్ఫ్" అనే మాట ఉంది. వక్ఫ్ నుంచి డబ్బు అందుకునేవారే కాదు, ఆ మసీదులో నమాజ్ చేసే హక్కున్నవారు కూడా దీని కిందికి వస్తారు. నిర్వహణ సరిగా లేదనిపిస్తే విచారణ కోరుతూ వక్ఫ్ బోర్డుకు అఫిడవిట్‌తో దరఖాస్తు పెట్టడానికి ఈ చట్టం వారికి వీలిచ్చింది. "మాకేం సంబంధం" అనుకునే సామాన్య నమాజీకి చట్టం సంబంధం కల్పించింది ఈ మాటతోనే.

4. ప్రయోజనం

"పబ్లిక్ ఇంట్రెస్ట్ లిటిగేషన్" అంటే ప్రజల మేలు కోసం వేసే కేసు, అదే మనం పేపర్లో చదివే పిల్. "కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్" అంటే బాధ్యతకు, సొంత లాభానికి మధ్య చిక్కు. ముతవల్లీ వక్ఫ్ దుకాణాన్ని తన బావమరిదికే తక్కువ అద్దెకు ఇవ్వడం దీనికి ఉదాహరణ.

మాట లేకుండా వడ్డీ

"జీరో ఇంట్రెస్ట్", "నో కాస్ట్ ఈఎంఐ" బోర్డులు చూసి ఫోన్ కొనేస్తుంటాం. అసలు సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. చాలాసార్లు ఆ భారం ప్రాసెసింగ్ ఫీజులోనో, వదులుకున్న డిస్కౌంట్‌లోనో దాగి ఉంటుంది. నగదు ఇస్తే ధర ఎంతో, వాయిదాల్లో మొత్తం ఎంతో అడగండి. ఆ తేడా ఎందుకో తేలాకే సంతకం.

ఎలా గుర్తుపట్టాలి?

పక్కనున్న మాట చూడండి. రేట్, పర్సెంట్, పర్ యానమ్ ఉంటే వడ్డీ. రైట్, టైటిల్ ఉంటే హక్కు. పబ్లిక్, కాన్‌ఫ్లిక్ట్ ఉంటే ప్రయోజనం. అయినా అనుమానం తీరకపోతే, ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పమని డాక్యుమెంట్ రైటర్‌నో, బ్యాంక్ ఆఫీసర్‌నో అడగండి. అడగడంలో సిగ్గు లేదు.