చిత్రాల ఫైళ్ళను రాసే లైబ్రరీలలో నిర్గమ ప్రమేయాల చరిత్ర: ఓరుగల్లు ప్రాంత శాసన చిత్రాల దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

శాసనాలు, తాళపత్రాలు, పాత ముద్రిత గ్రంథాలు నేటి పరిశోధకులకు అధికంగా చిత్రాల ఫైళ్ళ రూపంలోనే చేరుతున్నాయి. ఈ ఫైళ్ళను టిఫ్, జెపెగ్, పి.ఎన్.జి. వంటి రూపాలలో రాసిపెట్టేవి సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు. చిత్రాన్ని ఏ పద్ధతిలో సంకేతించాలో లైబ్రరీ చూసుకుంటుంది. ఆ దత్తాంశాన్ని ఎక్కడికి పంపాలో నిర్ణయించే అధికారాన్ని మాత్రం ప్రోగ్రామ్ రాసేవారికి వదిలిపెడుతుంది. ఈ విభజన 1988 తర్వాతి దశాబ్దంలో ఎలా రూపుదిద్దుకున్నదో, శాసన పాఠనిర్ణయానికి దానితో గల సంబంధమేమిటో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చిత్రాల ఫైళ్ళు, నిర్గమ ప్రమేయం, టిఫ్, జెపెగ్, పి.ఎన్.జి., శాసన ప్రతిబింబాలు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా.

1. ఉపోద్ఘాతం:

పూర్వ వరంగల్ జిల్లా, దాని ఇరుగుపొరుగు ప్రాంతాలు తెలుగు సాహిత్య చరిత్రకు మూలాధారాలను అందించిన నేల. తొలి తెలుగు గద్య శాసనాలలో ఒకటిగా పరిగణించే కొరవి శాసనం లభించిన కురవి, కాకతీయుల వంశక్రమ నిర్ణయానికి ప్రధానాధారమైన మైలాంబ బయ్యారం చెరువు శాసనం ఉన్న బయ్యారం నేటి మహబూబాబాద్ జిల్లాలోనివి. పాల్కురికి సోమనాథుని పేరుతో ముడిపడిన పాలకుర్తి, పోతన పేరుతో ముడిపడిన బమ్మెర జనగామ జిల్లాలోనివి. ఘనపురం కోటగుళ్ళు, కాళేశ్వరం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్నాయి.

ఒక తరం క్రితం వరకు ఈ శాసనాలు పరిశోధకునికి ఎస్టాంపేజీల ద్వారా, ముద్రిత సంపుటాల ద్వారా అందేవి. తడి కాగితాన్ని రాతిపై పరిచి, అక్షరాల పల్లాలలోకి ఒత్తి, సిరా అద్ది తీసిన ఎస్టాంపేజీకి ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అన్న చరిత్ర ఉండేది. నేడు మన చేతిలో ఉన్నది ఫోన్‌తోనో కెమెరాతోనో తీసిన ఛాయాచిత్రం, లేదా స్కాన్ చేసిన పుట. ఎస్టాంపేజీ ఎలా తయారవుతుందో శాసన పరిశోధకులు నేర్చుకుంటారు. చిత్రం ఫైలు ఎలా తయారవుతుందో నేర్చుకునే అలవాటు మన తెలుగు శాఖలలో ఇంకా ఏర్పడలేదు. ఆ లోటును కొంతవరకైనా పూరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. నిర్గమ ప్రమేయం – స్వరూపం:

ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాలయం కాదు. అనేక ప్రోగ్రాములు కలిసి వాడుకోగలిగేలా ముందే రాసి ఉంచిన ప్రమేయాల సముదాయం. చిత్రాన్ని ఫైలుగా మార్చే పనిలో రెండు దశలుంటాయి. మొదటిది సంకేతనం: బిందువుల రంగులను నిర్ణీత రూపంలోని బైట్లుగా కుదించడం. రెండవది నిర్గమం: ఆ బైట్లను డిస్కుకో, జ్ఞాపకశక్తికో, నెట్‌వర్క్‌కో పంపడం. 

సాధారణంగా ప్రోగ్రామ్ లైబ్రరీని పిలుస్తుంది. నిర్గమ ప్రమేయం విషయంలో ఆ పిలుపు దిశ తిరగబడుతుంది. ప్రోగ్రామ్ రాసేవారు తమ సొంత ప్రమేయాన్ని ముందుగా లైబ్రరీకి అప్పగిస్తారు. బైట్లు సిద్ధమైనప్పుడల్లా లైబ్రరీ ఆ ప్రమేయాన్ని పిలిచి, “ఇదిగో దత్తాంశం, ఇదిగో దాని పరిమాణం” అని అందిస్తుంది. ఆ తర్వాత ఆ బైట్లు ఎక్కడికి వెళ్ళాయో లైబ్రరీకి తెలియదు.

శాసన పరిశోధకులకు ఈ విభజన కొత్తగా తోచదు. శాసనాన్ని రచించినవారు, రాసినవారు, చెక్కినవారు వేర్వేరు వ్యక్తులైన సందర్భాలు మనకు తెలుసు. పాఠం ఒకరిది, రాయి మీదికో రాగిరేకు మీదికో దానిని ఎక్కించే బాధ్యత మరొకరిది. చెక్కేటప్పుడు జారిన అక్షరానికి కవిని తప్పుపట్టలేము. చిత్రాల ఫైళ్ళలోనూ దోషం ఏ దశలో జరిగిందన్న ప్రశ్న ఇలాంటిదే.

3. టిఫ్ – ముందువెనుకలకు కదిలే రాత:

టిఫ్ రూపాన్ని ఆల్డస్ సంస్థ 1986లో ప్రవేశపెట్టింది. ఆరవ ప్రమాణం 1992లో వెలువడింది. ఈ రూపాన్ని చదివేందుకు, రాసేందుకు శామ్ లెఫ్లర్ రూపొందించిన లిబ్‌టిఫ్ లైబ్రరీ 1988లో మొదలైంది. ఇందులో మామూలుగా ఫైలు పేరిచ్చి తెరిచే మార్గంతో పాటు ‘టిఫ్ క్లయింట్ ఓపెన్’ అనే మరో మార్గం ఉంది. దీనిని వాడేవారు ఏడు ప్రమేయాలను అందించాలి: చదవడం, రాయడం, స్థానం మారడం, మూయడం, పరిమాణం చెప్పడం, ఫైలును జ్ఞాపకశక్తిలోకి పరచడం, ఆ పరుపును తొలగించడం.

రాయడానికి రాత ప్రమేయం ఒక్కటే చాలదా అన్న సందేహం సహజం. టిఫ్ నిర్మాణమే దీనికి సమాధానం. ఫైలు ఆరంభంలో ఎనిమిది బైట్ల శీర్షిక ఉంటుంది. చిత్రం వెడల్పు, ఎత్తు, కుదింపు పద్ధతి మొదలైన వివరాలున్న ‘డైరెక్టరీ’ ఎక్కడుందో ఆ శీర్షిక సూచిస్తుంది. లిబ్‌టిఫ్ సాధారణంగా ముందు చిత్ర దత్తాంశాన్ని రాసి, చివరన డైరెక్టరీని రాసి, మళ్ళీ ఆరంభానికి వెళ్ళి దాని స్థానాన్ని నమోదు చేస్తుంది. అందువల్ల వెనక్కి వెళ్ళగలిగే గమ్యం తప్పనిసరి. ఒకే దిశలో సాగే నెట్‌వర్క్ ప్రవాహానికి టిఫ్‌ను నేరుగా పంపడం కష్టం. ముందు జ్ఞాపకశక్తిలోనో తాత్కాలిక ఫైలులోనో పూర్తిచేసి తర్వాత పంపాల్సి వస్తుంది.

4. జెపెగ్ – నిండిన పాత్రను ఖాళీ చేసే రాత:

ఇండిపెండెంట్ జెపెగ్ గ్రూప్ తన లైబ్రరీని టామ్ లేన్ నాయకత్వంలో 1991 అక్టోబరులో తొలిసారి విడుదల చేసింది. 1994లో వచ్చిన అయిదవ విడుదలలో లైబ్రరీ నిర్మాణం సమూలంగా మారింది. అందులో నిర్గమ బాధ్యతను ‘గమ్య నిర్వాహకం’ అనదగిన ఒక భాగానికి అప్పగించారు. దానికి మూడు ప్రమేయాలు: ఆరంభించడం, నిండిన బఫర్‌ను ఖాళీ చేయడం, ముగించడం.

దీని పనితీరు గాదెలో ధాన్యం నింపడం వంటిది. ప్రోగ్రామ్ ఒక బుట్టను ఇస్తుంది. లైబ్రరీ దానిని నింపుతుంది. నిండగానే ఖాళీ చేయమని పిలుస్తుంది. లైబ్రరీతో పాటు వచ్చే మామూలు ఫైలు నిర్వాహకంలో ఈ బుట్ట పరిమాణం 4096 బైట్లు. చివరి బుట్ట సాధారణంగా సగమే నిండుతుంది. దానిని గాదెలో పోయవలసినది ముగింపు ప్రమేయం. సొంత ప్రమేయం రాసుకున్నవారు ఈ చివరి పనిని విస్మరిస్తే చిత్రం అడుగుభాగపు దత్తాంశం గమ్యానికి చేరదు. మరొక నియమం కూడా గమనించదగినది. ఖాళీ చేయమన్న పిలుపు వచ్చినప్పుడు ఎంత నిండిందో లెక్కించకుండా బఫర్ మొత్తాన్ని రాయాలని లైబ్రరీ పత్రాలు స్పష్టంగా నిర్దేశిస్తాయి. 

జ్ఞాపకశక్తిలోకి రాయడం ఎందరికో నిత్యావసరమైనా, అందుకు సిద్ధంగా ఉన్న నిర్వాహకం ఈ గ్రూప్ విడుదలలలో 2010 నాటి ఎనిమిదవ దానిలో గాని చేరలేదు. అంతవరకు ఎవరి బుట్టను వారే అల్లుకున్నారు.

5. పి.ఎన్.జి. – ముందుకే సాగే రాత:

జిఫ్ రూపంలో వాడే ఎల్.జెడ్.డబ్ల్యు. కుదింపుపై పేటెంటు రుసుములు ఉంటాయని 1994 డిసెంబరులో వెలువడిన ప్రకటన పి.ఎన్.జి. పుట్టుకకు తక్షణ కారణం. థామస్ బౌటెల్ 1995 జనవరిలో తొలి ప్రతిపాదన చేశారు. 1996 అక్టోబరు 1న అది డబ్ల్యు3సి సిఫారసుగా వెలువడింది. గై ఎరిక్ షాల్నాట్ ప్రారంభించిన లిబ్‌పి.ఎన్.జి. లైబ్రరీని ఆండ్రియాస్ డిల్గర్, తర్వాత గ్లెన్ రాండర్స్-పెర్సన్ కొనసాగించారు.

నెట్‌వర్క్ ద్వారా ప్రయాణించడానికే ఉద్దేశించినందువల్ల ఈ రూపంలో ప్రతి ఖండానికి ముందు దాని పొడవు, తర్వాత దాని సరిచూపు సంఖ్య ఉంటాయి. వెనక్కి వెళ్ళి దిద్దవలసిన పని లేదు. అందుకే ‘పి.ఎన్.జి. సెట్ రైట్ ఫంక్షన్’ రెండే ప్రమేయాలను కోరుతుంది: రాయడం, మధ్యలో నిలిచిన బైట్లను ముందుకు తోయడం. రాత ప్రమేయం జయాపజయాలను తిరుగు విలువగా చెప్పదు. డిస్కు నిండిపోయినా, తీగ తెగినా అది దోష ప్రమేయాన్ని పిలిచి తెలపాలి. ఆ పిలుపును మరిచిన ప్రోగ్రామ్‌లో, రాత విఫలమైనా లైబ్రరీ అంతా సవ్యంగా సాగిందనే భావిస్తుంది. 

టిఫ్‌కు ఏడు, జెపెగ్‌కు మూడు, పి.ఎన్.జి.కి రెండు. ఈ సంఖ్యలు ఆయా రూపాలు తమ గమ్యం గురించి ఎంత ఊహించుకుంటున్నాయో చెబుతాయి.

6. శిలాశైథిల్యం – ఫైలు శైథిల్యం:

పై సాంకేతిక భేదాలు పాఠపరిష్కర్తకు ఎందుకు ముఖ్యమో ఇక్కడ చూడవచ్చు. ఒక శాసనం చిత్రాన్ని రాస్తుండగా మధ్యలో రాత ఆగిపోయిందనుకుందాం. టిఫ్ అయితే చివరన రాయవలసిన డైరెక్టరీ లేనందున ఫైలు సాధారణంగా తెరుచుకోదు. నష్టం వెంటనే తెలుస్తుంది. పి.ఎన్.జి. అయితే సరిచూపు సంఖ్యల వల్ల, ముగింపు ఖండం లేకపోవడం వల్ల లైబ్రరీ దోషాన్ని ప్రకటిస్తుంది. 

జెపెగ్ విషయం వేరు. ఇండిపెండెంట్ జెపెగ్ గ్రూప్ లైబ్రరీ అర్ధాంతరంగా ముగిసిన ఫైలును చదివేటప్పుడు హెచ్చరికతో సరిపెట్టి, తానే ఒక ముగింపు గుర్తును చేర్చుకుని చిత్రాన్ని చూపుతుంది. ఆ హెచ్చరికను చాలా వీక్షక ప్రోగ్రాములు మనకు చూపవు. పై నుంచి కిందికి వరుసగా రాసిన సాధారణ జెపెగ్‌లో పైభాగం స్పష్టంగా ఉండి, అడుగున బూడిదరంగు పట్టీ కనిపిస్తుంది. ఆ పట్టీ పెద్దదైతే ఎవరైనా గుర్తిస్తారు. శాసనం చివరి పంక్తి మేరకే ఉంటే, చిత్రాన్ని ఆ మేరకు కత్తిరించి వ్యాసంలో చేర్చేస్తే, తర్వాతి పాఠకుడు దానిని గుర్తుపట్టలేడు. 

శాసనాల చివరి పంక్తులలో తరచుగా ఉండేవి శాపోక్తులు, లేఖకుని పేరు, చెక్కినవాని పేరు. కవిత్వం కంటె ఇవే కొన్నిసార్లు కాలనిర్ణయానికి, కర్తృత్వ నిర్ణయానికి పనికివస్తాయి. రాతిలో ఉన్న పంక్తి ఫైలులో లేకపోతే “ఇక్కడ శిథిలం” అని పరిష్కర్త రాసే ప్రమాదముంది. శిలాశైథిల్యాన్ని, ఫైలు శైథిల్యాన్ని వేరుచేయడం నేటి పాఠపరిష్కరణలో భాగం కావాలి.

7. గమ్యం మారినా నిలిచిన ప్రతులు:

గమ్యాన్ని దత్తాంశం నుంచి విడదీయడం వల్ల కలిగే మేలుకు తెలుగువారికి సుపరిచితమైన ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు, తెలుగువారైన రాజ్ రెడ్డి ముందుండి నడిపిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో ఇది భాగం. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ దీని ప్రధాన కేంద్రాలలో ఒకటి. పుటలను 600 డి.పి.ఐ. వద్ద స్కాన్ చేసి, ఒక్కో పుటను ఒక్కో టిఫ్ ఫైలుగా భద్రపరిచారు. బ్రౌజర్లు టిఫ్‌ను నేరుగా చూపకపోవడంతో పాఠకులు అదనపు ప్లగిన్‌ను వేసుకోవలసి వచ్చేది. 

కొన్నేళ్ళకు ఆ వెబ్‌సైట్లు అందుబాటులో లేకుండా పోయాయి. అప్పటికే ఆ గ్రంథాలను పెద్ద ఎత్తున ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చడం వల్ల వేలకొద్దీ తెలుగు పుస్తకాలు నేటికీ పి.డి.ఎఫ్. రూపంలో చదవగలుగుతున్నాము. పుట చిత్రం తన తొలి సర్వరుకు బందీ కాకపోవడమే దీనిని సాధ్యం చేసింది. దత్తాంశం ఒక రూపం నుంచి మరొక రూపానికి, ఒక గమ్యం నుంచి మరొక గమ్యానికి కదలగలిగింది. అయితే ఆ కదలికలో పుటలు జారిపోతే వాటిని సరిచూడవలసినది మనమే.

8. జిల్లాలు మారినప్పుడు:

గమ్యం శాశ్వతం కాదన్న సూత్రం మన ప్రాంతానికి మరొక విధంగానూ వర్తిస్తుంది. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. అంతకుముందు బయ్యారం ఖమ్మం జిల్లాలో, కాళేశ్వరం కరీంనగర్ జిల్లాలో ఉండేవి. 1213 నాటి రేచర్ల రుద్రుని శాసనం ఉన్న పాలంపేట మొదట వరంగల్, తర్వాత భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలోనిది. 

చిత్రాలను జిల్లా పేరుతో ఉన్న ఫోల్డర్లలో మాత్రమే అమర్చుకున్నవారికి ఈ మార్పులు చిక్కు తెస్తాయి. ఫోల్డర్ పేరు గమ్యానికి చెందినది. కాపీ చేసిన ప్రతిసారీ మారవచ్చు. ఫైలు లోపలి వివరణ దత్తాంశానికి చెందినది, దానితోపాటు ప్రయాణిస్తుంది. టిఫ్‌లో చిత్ర వివరణ క్షేత్రం, పి.ఎన్.జి.లో పాఠ్య ఖండాలు, జెపెగ్‌లో వ్యాఖ్యా భాగం ఇందుకే ఉన్నాయి. గ్రామం, శాసనం నిలిచిన చోటు, చిత్రం తీసిన తేదీ, ఏ ముఖమన్నది అక్కడ నమోదు చేయడం ఉచితం.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. చిత్ర లైబ్రరీల రూపకర్తలు సంకేతన జ్ఞానాన్ని తమ వద్ద ఉంచుకుని, గమ్య నిర్ణయాన్ని వినియోగదారులకు వదిలారు. స్వేచ్ఛతో పాటు, చివరి బైటు వరకు చేర్చే బాధ్యత కూడా వినియోగదారులకే సంక్రమించింది.

2. అసంపూర్ణమైన రాత టిఫ్, పి.ఎన్.జి.లలో సాధారణంగా బయటపడుతుంది. జెపెగ్‌లో అది సంపూర్ణ చిత్రంగా చెలామణి అయ్యే అవకాశముంది. కనుక శాసన మూలచిత్రాలను టిఫ్ లేదా పి.ఎన్.జి.లో భద్రపరచడం, కెమెరా జెపెగ్ మాత్రమే ఇస్తే దాని మూల ప్రతిని మార్చకుండా ఉంచి కాపీలతో సరిచూడడం మేలు.

3. శాసన పాఠంలో “శిథిలం” అని సూచించే ముందు అది రాతిలోనిదో ఫైలులోనిదో నిర్ధారించుకోవాలి. సిద్ధాంత వ్యాసాలలో చిత్రం రూపం, తీసిన తేదీ, మూలప్రతి ఉన్న చోటు పేర్కొనడం ఇందుకు తోడ్పడుతుంది.

4. ఎస్టాంపేజీ తీసే విధానంతో పాటు చిత్రం ఫైలు నిర్మాణాన్ని కూడా శాసన అధ్యయన పాఠ్యాంశంలో చేర్చవలసి ఉంది. కురవి, బయ్యారం శాసనాల చివరి పంక్తిని తర్వాతి తరం పరిశోధకులు ముందుగా చూడబోయేది తెరమీదనే. ఆ పంక్తి అక్కడికి క్షేమంగా చేరిందో లేదో చూసుకోవలసినవారు మూలాన్ని స్వయంగా చూసిన నేటి పరిశోధకులు.