టీషర్టు ఆనవాళ్ళు పడితే గద్వాల తేలింది

మొన్న మా ఆఫీసులో పది కిలోమీటర్ల పరుగు పెట్టారు. నేను ఆరో కిలోమీటరు దగ్గరే చతికిలపడ్డాను గానీ టీషర్టు మాత్రం దక్కింది :) పేరున్న ఆటసామాన్ల కంపెనీది. లోపల ఆకు బొమ్మ, దాని కింద పర్యావరణానికి మేలు చేసే పత్తి అన్న అర్థం వచ్చే ఓ ముక్క. మాది గద్వాల పక్క పల్లె. ఊళ్ళో సగం చేలు సీడ్ పత్తే. ఆ ముక్క చదివాక ఊరుకోలేకపోయాను.

ఇలాంటి కంపెనీ తను చేసే చేటు తగ్గించుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మన వృత్తిలో వాళ్ళనడిగితే ముందు ప్రొఫైలర్ పెట్టి చూడమంటారు. ఎక్కడ నెమ్మదిగా ఉందో ఊహించి కోడు మార్చేవాడు సగం సార్లు తప్పుచోటే తవ్వుతాడు కదా. ఈ పరిశ్రమ కథ కూడా అలాగే నడిచింది.

నైకీ వాళ్ళు 1970ల చివర్లో బూటు అడుగున గాలి సంచీ పెట్టారు. పేరుకే గాలి, లోపల నింపింది సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. దాని అణువు పెద్దది, అంత తొందరగా బయటికి కారదు. తీరా చూస్తే భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకి ఇరవై వేల రెట్లకు పైనే! నైట్రోజన్ పెడదామంటే కారిపోతుంది. దాన్ని పట్టి ఉంచే పల్చటి పొరల ప్లాస్టిక్ తయారుచేసి, అన్ని బూట్లలోకీ తెచ్చేసరికి 2006 అయింది. ఆలస్యమైనా అది తెమిలిన పని. ఎందుకంటే ఆ సంచీ డిజైను వాళ్ళ చేతిలోదే, ఒక మాడ్యూల్ మార్చారంతే.

అసలు ప్రొఫైలర్ పెట్టింది పూమా. 2010 సంవత్సరానికి తన వల్ల ప్రకృతికి జరిగిన నష్టాన్ని డబ్బుల్లోకి మార్చి 2011లో బయటపెట్టింది. మొత్తం 14.5 కోట్ల యూరోలు. అందులో సొంత ఆఫీసులు, గోడౌన్లు, షాపుల వాటా 6 శాతం. ముడిసరుకు దగ్గర, అంటే పత్తి చేలు, పశువులు, రబ్బరు తోటలు, పెట్రోలు బావుల దగ్గర 57 శాతం! ఆఫీసులో ఎల్ఈడీ బల్బులు పెట్టి ఫోటోలు దిగేవాళ్ళు ఈ పట్టిక గోడకి అంటించుకోవాలి.

పాలిస్టర్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకి నైకీ వాడేసిన సీసాలతో జెర్సీలు చేసింది, ఒక్కోదానికి ఎనిమిది దాకా సీసాలు. బానే ఉంది. కానీ సీసాని మళ్ళీ సీసా చేయొచ్చు. చొక్కాని మళ్ళీ చొక్కా చేయడం ఇప్పటికీ కష్టమే, పైగా ఉతికినప్పుడల్లా నలుసులు నీళ్ళలోకి పోతాయి.

ఇక పత్తి. 2005లో అడిడాస్ లాంటి కొన్ని కంపెనీలూ, స్వచ్ఛంద సంస్థలూ కలిసి 'బెటర్ కాటన్' మొదలుపెట్టాయి. మందులు, నీళ్ళు తగ్గించి పండించడం దాని ఉద్దేశం. మంచిదే, కాకపోతే అది చాలాకాలం మాస్ బ్యాలెన్స్ లెక్క మీదే నడిచింది. బ్యాంకులో మనం వేసిన నోటే మనకి తిరిగి రాదు కదా, అలాగన్నమాట. కంపెనీ కొన్నంత మంచి పత్తి ఎక్కడో పండి ఉంటుంది, మన ఒంటి మీదున్న చొక్కాలో అది ఉండాలని లేదు. చొక్కా దాకా వెంబడించే ఏర్పాటు 2023లో గానీ రాలేదు.

పూమా పట్టికలో ఆఖరి అంచె పత్తి చేను. మా నడిగడ్డ, అంటే కృష్ణా తుంగభద్రల మధ్య నేల, ఆ చేనుకీ ముందుంటుంది. పత్తిలో తొలి వాణిజ్య హైబ్రిడ్ హెచ్-4 సూరత్‌లో 1970లో వచ్చింది. ఆ విత్తనం యంత్రంతో తయారుకాదు. సాయంత్రం ఆడ మొక్క మొగ్గ విప్పి కేసరాలు గిల్లేయాలి, పొద్దున్నే మగ పువ్వు తెచ్చి అద్దాలి. ఒక్కో పువ్వుకీ ఇదే పని, నెలల తరబడి. క్రాసింగ్ అంటారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక గద్వాల ఈ పనికి పెద్ద కేంద్రమైంది. (సియాల్‌కోటలో పిల్లలు ఫుట్‌బాళ్ళు కుడుతున్నారని ప్రపంచం గోల చేస్తే 1997లో ఒప్పందం వచ్చింది. మా చేలల్లో బడి మానేసి క్రాసింగ్ చేసిన ఆడపిల్లలు ఏ చొక్కా లేబుల్లోనూ కనపడలేదు.)

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు చెలకల్లో వానని నమ్ముకుని వేసే పత్తి వేరు. బీటీ వచ్చాక కాయతొలుచు పురుగు మందులు తగ్గాయి, తర్వాత రసం పీల్చే పురుగులకి కొట్టడం పెరిగింది, ఆ పైన గులాబీ రంగు పురుగు బీటీకే అలవాటు పడిపోయింది. వేరే దారి లేదా అంటే ఉంది. ఒకప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో రైతులు వేప కషాయాలతో పత్తి పండించి, తమ ఊరికి పురుగుమందులు వద్దని ప్రకటించుకున్నారు. ఆటసామాన్ల కంపెనీ నిజంగా ఏదైనా చేయదలిస్తే అలాంటి ఊరితో అయిదారేళ్ళకి ధర మాట్లాడుకుని కొనాలి. ఏడాది టెండరుకి ఏ రైతూ తన పద్ధతి మార్చుకోడు. దిగుబడి తగ్గే మొదటి రెండేళ్ళ నష్టం ఎవరు భరిస్తారన్నదే అసలు చిక్కు. నా మటుకు నాకు అది కంపెనీయే భరించాలి.

దసరాకి ఊరెళ్ళినప్పుడు ఆ టీషర్టే వేసుకున్నాను. మా మేనమామ సీడ్ పత్తికి మందు కొట్టి అప్పుడే వచ్చి, మూతికి కట్టుకున్న తువ్వాలు విప్పుతున్నాడు.

"మామా, నీ విత్తనం యాడికి పోతాదో తెలుసా?"

"గుజరాత్ అంటరు, మహారాష్ట్ర అంటరు. ఆర్గనైజరుకి తెలుస్తాది. టెస్టులో ఫెయిల్ కాకుంటే సాలు మాకు" అన్నాడు. తర్వాత చొక్కా అంచు పట్టుకుని నలిపి చూసి, "పత్తేనా ఇది? ఎంతకి కొన్నవ్‌రా?" అని అడిగాడు.

ఊరికే ఇచ్చారని చెప్పాను.